మామ్మ కత్తిరించిన స్పర్‌లు

మడమ నొప్పి మొదలై చాలాకాలమే అయింది గానీ నేను పెద్దగా పట్టించుకోలేదు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు ప్రాణం జివ్వుమనేది. గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి, డికాక్షన్ వేసుకుని, పాలు కాగేలోపల అది దానంతటదే సర్దుకునేది. సర్దుకున్న నొప్పికి డాక్టరెందుకని నా వాదన. వారాంతానికి వచ్చిన మా అమ్మాయి నన్ను అలా గోడ వెంట నడుస్తుండగా పట్టేసింది. "అమ్మా, నువ్వు ఎందుకు అలా వాక్ చేస్తున్నావ్? డాక్టర్‌ని బుక్ చేశావా? చెయ్యలేదు కదా. నేను చేస్తా, నువ్వు జస్ట్ కార్‌లో కూర్చో" అంది. దాని తెలుగుకి తలా తోకా ఉండవు గానీ, నన్ను కసురుకోడానికి మాత్రం ఎక్కడా తడుముకోదు.

చాండ్లర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న పాదాల డాక్టరు కుర్రవాడు. ఎక్స్‌రేని తెర మీద పెద్దది చేసి, మడమ ఎముక అడుగున ముందుకి పొడుచుకొచ్చిన చిన్న కొక్కెం చూపించి, "దీన్ని స్పర్ అంటారు" అన్నాడు. మనవాళ్ళు మడమ దగ్గర బొమిక పెరిగిందంటారే, అదే. మెల్లగా, నాకు అర్థమయ్యేలా ఆ మాటకి అక్షరాలు కూడా చెప్పబోయాడు. "నాకు తెలుసు బాబూ ఆ మాట" అన్నాను. ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగాడు. "నాకు కాదు. ఒక ఆపిల్ చెట్టుకి" అన్నాను. అతను నా మొహం కేసి కాక మా అమ్మాయి మొహం కేసి చూశాడు. కారెక్కాక అది, "ఏం ట్రీ అమ్మా? ఆయన నువ్వు కన్‌ఫ్యూజ్ అయ్యావ్ అనుకున్నాడు" అని విసుక్కుంది. ఇల్లు చేరేలోపల ఆ కథ సగం కూడా చెప్పలేకపోయాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మేం అమెరికాలో వానలెక్కువ పడే వాయవ్య మూలన, బాతెల్‌లో ఉండేవాళ్ళం. ఇప్పుడక్కడ ఏ కొట్టుకి వెళ్ళినా తెలుగు వినపడుతుందట. మేమున్న రోజుల్లో మా వీధిలో తెలుగు మాట్లాడేది మేం ముగ్గురమే, అదీ తలుపులు వేసుకున్నాక. నాన్న విమానాల కంపెనీలో ఇంజనీరు. అమ్మ ఆసుపత్రి ల్యాబులో పని చేసేది. రాజమండ్రిలో నలుగురు పిల్లల మధ్య కేకలు వేసుకుంటూ ఆడుకుని వచ్చినదాన్ని, మెడలో నల్లతాడుకి తాళంచెవి కట్టుకుని బడి నుంచి ఒక్కదాన్నే ఇంటికొచ్చేదాన్ని. మా ఇళ్ళ వెనక పాత రైలు పట్టాలు ఉండేవి. పెద్ద లైనులోంచి ఒక పాయ విడిపోయి, ఎప్పుడో మూతపడ్డ దాణా కొట్టు దాకా వచ్చి ఆగిపోయేది. దాని మీద నడుచుకుంటూ వచ్చి, తాళం తీసి, లోపలికి అడుగు పెడితే తడి తివాచీ వాసనా, హీటరు దుమ్ము వాసనా కొట్టేవి. లైట్లన్నీ వేసేసి, టీవీ పెట్టేసి, అమ్మ కారు చప్పుడు కోసం వింటూ కూర్చునేదాన్ని. భయమని ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

తాతయ్య పోయాక మామ్మని నాన్న తీసుకొచ్చాడు. మామ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. నచ్చితే ఇక్కడే ఉండిపోవచ్చు, కాదంటే రాజమండ్రిలో మా మేనత్త దగ్గరికి వెళ్ళిపోవచ్చు. ఏదీ తేల్చుకోకుండానే విమానం ఎక్కింది. ఆవిడ వచ్చిన మర్నాడు నేను తాళంచెవి బయటికి తీసేలోపలే తలుపు తెరుచుకుంది. లోపల్నించి ఇంగువ పోపు వాసన, ఆముదం వాసన, మామ్మ కొంగు వాసన కలిసి వచ్చాయి. వెనకే చెవులు చిల్లులు పడేలా పొగ అలారం. మామ్మ స్టూలెక్కి తువ్వాలుతో దానికి విసురుతూ, "ఇదేవిటే అమ్మడూ, పోపు పెట్టినప్పుడల్లా ఏడుస్తోంది. దీనికీ ఓ ముద్ద పెట్టాలా ఏవిటి?" అంది. ఆ సాయంత్రం నేను తాళంచెవి మెడలోంచి తీసి మేకుకి తగిలించేశాను.

కానీ చలికాలం గడిచేకొద్దీ మామ్మ తగ్గిపోతూ వచ్చింది. కడియంలో తాతయ్యకి పూలమొక్కల నర్సరీ ఉండేది. పేరుకి తాతయ్యదే గానీ, అంట్లు కట్టడం, మల్లె పొదలు కత్తిరించడం, ఎండుటాకు ఏరడం అంతా మామ్మ చేతి మీదే నడిచేది. ఆ చేతులకి ఇక్కడ పనిలేదు. అమ్మ కాఫీ డబ్బాల్లో కొత్తిమీరా మెంతులూ వేసిచ్చింది. వెలుతురు లేక అవి తెల్లగా సాగి పడిపోయాయి. "ఇక్కడ మట్టెక్కడుందే? ఎటు చూసినా గడ్డే" అనేది. చీర మీద అమ్మ కోటు, కాళ్ళకి నాన్న మేజోళ్ళు, తలకి మంకీ క్యాపు, అలా హీటరు పక్కన కుర్చీలో కూర్చుని, ఒక చేతి గోళ్ళతో రెండో చేతి గోళ్ళు గీక్కుంటూ వాన చూసేది. చలికాలమంతా ఆవిడ గడప దాటిందే లేదు. రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "అత్తయ్యగారూ, ఈ మధ్య మీరు సరిగా తినట్లేదు" అనేది. "పని చేస్తే కదమ్మా ఆకలేసేది" అనేది మామ్మ. నాన్న ఆవిడ కంచంలో ఇంకాస్త పెరుగు వేసేవాడు. వీసా గడువు దగ్గరపడుతోందని ముగ్గురికీ తెలుసు. నాకూ తెలుసు. మేకుకి ఉన్న తాళంచెవి చూసినప్పుడల్లా అది మళ్ళీ నా మెడకి రాబోతోందనిపించేది.

పక్కింటాయన వాల్టర్. మామ్మకి ఆ పేరు నోరు తిరగక కాదు గానీ, వినగానే "వాల్తేరా? మనవాడే" అని నవ్వి, అప్పట్నించి ఆయన్ని వాల్తేరాయనే చేసేసింది. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టి పెరిగింది మాత్రం కొండలకి అవతల, ఆపిల్ తోటల్లో. భార్య పోయిన తర్వాత ఒక్కడే ఉండేవాడు. మా రెండిళ్ళకీ మధ్య నడుం ఎత్తు తీగల కంచె, ఆ కంచె పక్కనే ఆవిడ నాటిన ఆపిల్ చెట్టు. ఏటా చలి వెళ్ళేముందు ఆవిడే దాని కొమ్మలు కత్తిరించేదట. ఆవిడ పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఒక ఆదివారం ఆయన కంచె మీద చేతులాన్చి, "మీ అమ్మగారికి చెట్ల పని వచ్చన్నావు కదా? శనివారం నాడు ఇద్దరం కలిసి దీని సంగతి చూద్దామేమో అడుగు. ఎలా కత్తిరించాలో నేను చూపిస్తాను" అన్నాడు నాన్నతో. నాన్న లోపలికొచ్చి చెప్పగానే మామ్మ కుర్చీలోంచి లేచింది. "నాకు చూపిస్తాడా! వాల్తేరాయన నాకు చూపిస్తాడా!" అని ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

శనివారం దాకా ఎవరాగుతారు? వారం మధ్యలో, ఎన్నాళ్ళకో, మబ్బు విడిపోయి ఎండ కాసింది. నేను బడి నుంచి వచ్చేసరికి మా ఇంటి తలుపు బార్లా తీసి ఉంది, కుర్చీ ఖాళీగా ఉంది. కంచె అవతల నుంచి, "ఇటు రావే అమ్మడూ, ఈ పుల్లలు ఓ పక్కకి లాగు" అని కేక వినబడింది. మామ్మ వాల్టర్ షెడ్డులోంచి కత్తెరా చిన్న నిచ్చెనా తెచ్చుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చెట్టులో ఉంది. ఆయన ట్రక్కు ఇంటిముందు లేదు. ఊళ్ళోకి వెళ్ళుంటాడు, వచ్చేసరికి పని పూర్తయిపోతే సంతోషిస్తాడనుకున్నాను. మామ్మ చేతులు అంత జోరుగా కదలడం నేను అమెరికాలో అదే మొదటిసారి చూడటం. మల్లెపొదకి ఏం చేయాలో ఆవిడకి నిద్రలో కూడా తెలుసు. పాతదంతా కొట్టేయాలి, ఒంటి మీద ఏదీ ఉంచకుండా దూసేయాలి, అప్పుడు కొత్త చిగురు తన్నుకొస్తుంది, ఆ చిగురు మీద పువ్వొస్తుంది. ఆపిల్ కొమ్మల పొడుగునా వేలి కణుపంత పొట్టి పుల్లలు, ముడతలు పడి, వంకర్లు తిరిగి, ఎండిపోయినట్టు ఉన్నాయి. "వట్టిపోయిన పుల్లలే ఇవన్నీ. పాపం, ఆవిడ పోయాక చూసే దిక్కు లేక ఇలా అయింది" అంటూ ఒక్కొక్కటీ మొదలంటా కత్తిరించేసింది. పొద్దుగుంకేసరికి చెట్టు గుండు చేయించుకున్నంత నున్నగా తయారైంది. మామ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. చలికాలమంతా చూడని మామ్మ అది. నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

శనివారం వాల్టర్ వచ్చి చెట్టు చుట్టూ తిరిగాడు. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "కోత మాత్రం చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెబితే మామ్మ, "మరేవనుకున్నాడు?" అని కంచె మీదుగా ఆయనకి గిన్నెడు పులిహోర అందించింది.

తర్వాత వసంతం వచ్చింది. వీధిలో ఉన్న ఆపిల్ చెట్లూ, చెర్రీ చెట్లూ, దాణా కొట్టు వెనక ఎవరూ పట్టించుకోని బేరి చెట్టూ పూశాయి. వాల్టర్ చెట్టుకి ఆకులొచ్చాయి. ఆకులే వచ్చాయి. మామ్మ రోజూ పొద్దున్నే మంకీ క్యాపు పెట్టుకుని కంచె దగ్గరికెళ్ళి చూసొచ్చేది. మొదట్లో "దీని కాలం ఇంకా రాలేదేమో" అనేది. తర్వాత ఆ మాట అనడం మానేసింది.

ఈస్టర్ పండక్కి వాల్టర్ గారి అమ్మాయి పక్క ఊరి నుంచి వచ్చింది. మేం పెరట్లో ఉండగానే ఆవిడ చెట్టు దగ్గరికి వచ్చి, కొమ్మల మీద కత్తిరించిన గుర్తులు వేళ్ళతో తడిమి, పెద్ద గొంతుతో, "ఎవరు చేశారీ పని? అమ్మ చెట్టుని ఎవరిలా చేశారు?" అంది. వాల్టర్ వెనకే వచ్చాడు. "చూడమ్మా, నేను..." అని ఏదో మొదలుపెట్టబోయాడు. ఈలోపల మామ్మ గబగబా కంచె దగ్గరికి నడిచి, గుండెల మీద అరచెయ్యి వేసుకుని, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోంచి రెండు ఏరుకుని, "ఐ కట్. ఐ" అంది. వాల్టర్ మళ్ళీ నోరు తెరవబోతే, చెయ్యి అడ్డంగా ఊపి, "హీ నో. ఐ" అంది. ఆ అమ్మాయి మామ్మని, మంకీ క్యాపునీ కోటునీ చీరనీ, కిందికీ మీదికీ చూసింది. "ఇవి స్పర్‌లు. పువ్వు వచ్చేది వీటి మీదే. ఒక్కొక్కటి తయారవడానికి ఏళ్ళు పడుతుంది. మా అమ్మ వీటిని ప్రాణంలా చూసుకుంది" అంది. అరవలేదు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. "ఏవందే?" అని మామ్మ నన్నడిగింది. నాకు అబద్ధం చెప్పాలని ఉంది. చెప్పడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పాను.

వాల్టర్ మామ్మని చెయ్యి ఊపి తన పెరట్లోకి రమ్మన్నాడు. చెట్టు చిటారున మామ్మ కత్తెరకి అందని ఒక్క పొట్టి పుల్ల మిగిలింది. చేతికర్రతో కొమ్మ కిందికి వంచి చూపించాడు. పుల్ల నిండా ముడతలు, ఉంగరాల్లాంటి గీతలు, దాని కొసన గులాబి రంగు అంచులతో ఒక గుత్తి పువ్వు. "చూడ్డానికి పనికిరానివిలా ఉంటాయి. ఎంత పాతవైతే అంత బాగా కాస్తాయి" అన్నాడు. నేను చెప్పాను. మామ్మ ఆ పుల్లని చాలాసేపు చూసి, "మల్లెకి లేత చిగురు మీద పువ్వు. దీనికి ముసలి పుల్ల మీదా!" అంది. వెంటనే ఇంట్లోకి వచ్చేసింది.

మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఊరగాయ జాడీ పక్కన నాన్న నిఘంటువు ఉండేది. రోజుకో మాట తీసి నాతో వల్లె వేయించేవాడు. ఆ రాత్రి మామ్మ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే, ఎలా ఓదార్చాలో తెలియక, నాన్న నిఘంటువు తీశాడు. "ఈ స్పర్ అనే మాటకి చాలా అర్థాలున్నాయమ్మా. మొదటిది, గుర్రమెక్కేవాళ్ళు బూటు మడమకి తగిలించుకునే ముల్లు" అన్నాడు. మామ్మ తలెత్తలేదు గానీ, "మన ముల్లుగర్ర. మనం ఎద్దుని చేత్తో పొడుస్తాం, వీళ్ళు కాలితో పొడుస్తారు కాబోలు" అంది. నాన్నకి ఉత్సాహం వచ్చింది. కోడిపుంజు కాలి వెనక ఉండే ముల్లనీ చదివాడు. "అది నాకు చెప్పేదేవిట్రా, మీ నాన్న పందెం కోడి నా చెయ్యి చీరేసిన మచ్చ ఇదిగో" అని మామ్మ మణికట్టు చూపించింది. పెద్ద కొండ నుంచి పక్కకి పొడుచుకొచ్చిన చిన్న కొండ, రైలు పట్టాల పాయ. "మన ఇంటి వెనక ఉన్నదే నాన్నా! వాల్టర్ దాన్ని స్పర్ అనే అంటాడు" అన్నాను నేను. "ఒకళ్ళని ఒక పనికి ఉసిగొల్పడం" అని చదివాడు నాన్న. "నన్నెవరూ ఉసిగొల్పలేదు. నా చేతుల దురదే" అంది మామ్మ. "ముందూ వెనకా చూసుకోకుండా, ఎండ కాసింది కదా అని అప్పటికప్పుడు చేసేసే పనిని కూడా..." అని నోరు జారి, నాన్న గబుక్కున పుస్తకం మూసేశాడు. అమ్మ ఆయన కేసి కొరకొరా చూసింది.

మామ్మ నవ్వింది. "ఇన్నిటికీ ఒక్కటే మాటా? పిసినారి భాషరా మీది" అంది. నేనూ నవ్వాను. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, "ఒరే, టిక్కెట్టు ఎప్పటికి దొరుకుతుందో చూడు. అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక్కడి మట్టి నాకు తెలీదు, ఇక్కడి చెట్టు నాకు తెలీదు. తెలీని చోట చెయ్యి పెట్టి ఒకళ్ళ ఉసురు పోసుకున్నాను" అంది. నాన్న వద్దని అనలేకపోయాడు. ఆవిణ్ణి ఉంచుకోడానికి ఆయన దగ్గర మాత్రం ఏముంది, ఒక కుర్చీ, ఒక హీటరు. అమ్మ నా వీపు నిమిరింది. నేను మేకు కేసి చూడకుండా వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు బడికి వెళుతూ కంచె దగ్గర ఆగి, మామ్మ వెళ్ళిపోతోందని వాల్టర్‌కి చెప్పాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఇంటికొస్తే తలుపు తీసేవాళ్ళుండరని, మా అమ్మానాన్నలకి కూడా చెప్పని మాట ఆయనకి చెప్పేశాను. ఆ సాయంత్రం మా ఇంటి తలుపు తట్టాడు. ఎన్నేళ్ళు పక్కపక్కన ఉన్నా మా ఇంట్లోకి రావడం అదే మొదలు. గుమ్మం దగ్గర మా చెప్పులు చూసి, గోడకి ఆనుకుని అవస్థపడుతూ బూట్లు విప్పాడు. మామ్మకి ఎదురుగా కూర్చుని, నన్ను పక్కన నిలబెట్టుకుని, పంచాయితీ పెద్దలా మొదలుపెట్టాడు. చెట్టుని సగంలో వదిలేసి పోవడం కుదరదన్నాడు. అంత గట్టిగా కత్తిరించాక వేసవంతా నిట్టనిలువుగా కొమ్మలు తన్నుకొస్తాయి, వాటిని వదిలేస్తే ఆకాశానికి పోతాయే గాని కాయవు. ఒక్కొక్కదాన్నీ పక్కకి వంచి కట్టాలి. వంగిన కొమ్మ మీద మెల్లగా స్పర్‌లు పుడతాయి. "నా మోకాళ్ళతో నేను నిచ్చెన ఎక్కలేను. మా అమ్మాయికి తీరిక లేదు. కోసిన మనిషే కట్టాలి" అన్నాడు. మామ్మ శ్రద్ధగా విని, "ఎన్నాళ్ళు పడుతుందో అడుగు" అంది. రెండు వేసవులు, మూడు కూడా కావచ్చు అన్నాడు. మామ్మ మొహం కడుక్కోడానికి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళి, తన పాత నేత చీర ఒకటి తెచ్చి, అంచు దగ్గర పళ్ళతో గంటు పెట్టి, సర్రున చింపింది. "తాడైతే బెరడు కోసుకుంటుంది. మెత్తటి గుడ్డ ఉండాలని చెప్పు వాల్తేరాయనకి" అంది. నాన్న వైపు తిరిగి, "అది పూసేదాకానేరా, ఆపైన ఒక్కరోజు ఉండను" అంది. నాన్న ఆ వారంలోనే మామ్మ పేరు మీద గ్రీన్ కార్డ్‌కి అప్లై చేశాడు.

ఆ వేసవుల గురించి నేనెంత రాసినా తనివి తీరదు. చెట్టు నిండా నీలం, చిలకపచ్చ, పసుపు చీర పేలికలు. వీధిన పోయేవాళ్ళు ఆగి, అదేదో పండగ అలంకారమనుకుని చూసేవాళ్ళు. కింద నుంచి వాల్టర్ చేతికర్రతో చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పేవాడు. పైనుంచి మామ్మ తెలుగులో జవాబు చెప్పేది. మొదట్లో ఇద్దరికీ మధ్య నేను పరుగులు పెట్టేదాన్ని. కొన్నాళ్ళకి నా అవసరం లేకపోయింది. ఆయన భార్య గురించి ఇంగ్లీషులో చెప్పుకుంటుంటే, ఈవిడ తాతయ్య గురించి తెలుగులో చెప్పుకుంటూ ఉండేది, ఎవరి ధోరణి వాళ్ళది. నాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది. అయినా ఆ రోజుల్లో ఇంటికొస్తే తలుపు తీసే మనిషి ఉండేది, ఒక్కోసారి ఆపిల్ చెట్టులోంచి దిగొచ్చి మరీ తీసేది.

పూసినప్పుడు చెట్టు మొత్తం పూయలేదు, వంచి కట్టిన కొమ్మల మీద అక్కడక్కడా పూసింది. ఆ ఏడు శరత్కాలంలో వాల్టర్ మొదటి కాయ కోసి, చొక్కాకి తుడిచి, రెండు చేతులతో మామ్మకిచ్చాడు. మామ్మ కొరికి, మొహమంతా ముడుచుకుని, "అబ్బో, పులుపు! దీని కోసమా ఇన్నాళ్ళు కూర్చోబెట్టాడు?" అంది. తర్వాత తురిమి, ఆవపిండీ కారమూ వేసి, ఇంగువ పోపు పెట్టి పచ్చడి చేసింది. వాల్టర్ గారి అమ్మాయి వచ్చినప్పుడు ఒక సీసా ఇచ్చింది. ఆ అమ్మాయి ఒక్క చెంచా తిని, కళ్ళనీళ్ళు కారుతుంటే నవ్వి, మామ్మని కావలించుకుంది. ఇక్కడి మట్టి గురించి, టిక్కెట్టు గురించి మామ్మ మళ్ళీ ఎత్తలేదు. మేమూ గుర్తు చేయలేదు.

ఇప్పుడు నేనుండే చాండ్లర్‌లో ఇళ్ళ మధ్య కంచెలు లేవు. మనిషి కంటే ఎత్తయిన ఇటుక గోడలున్నాయి. పక్కింటివాళ్ళు గరాజ్ తలుపు లేవగానే లోపలికి దూసుకుపోతారు, అది పడిపోతుంది. వాళ్ళ పేరు నాకు తెలియదు. ఒకసారి పొరపాటున మా గుమ్మంలో వదిలేసిన పార్సిల్ మీద చదివాను గానీ, మర్చిపోయాను. వారానికోసారి మనుషులొచ్చి, మిషన్లతో పొదలన్నిటినీ బంతుల్లా గొరిగి, చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోతారు. ఏ మొక్కకి ఏ కోత కావాలో వాళ్ళని అడిగేవాళ్ళూ లేరు, తప్పు కోసినా వచ్చి ఏడ్చేవాళ్ళూ లేరు. అప్పుడంతా బంగారమని నేననను. మామ్మ కూతురితో నాలుగు మాటలు మాట్లాడాలంటే నెలకోసారి, అదీ ఫోన్లో అరుస్తూ మాట్లాడవలసి వచ్చేది. మా అమ్మాయి నాకు రోజుకి రెండుసార్లు మెసేజ్ పెడుతుంది, నా మడమ నొప్పిని గోడ వెంట పట్టేస్తుంది. నాకు లోటేమీ లేదు. అయినా మధ్యాహ్నం పూట కుర్చీలో కాలు పైకి పెట్టుకుని కూర్చున్నప్పుడు, కంచె మీద చేతులాన్చి ఎవరైనా నన్ను ఒక పనికి పిలిస్తే బాగుండునని గట్టిగా అనిపిస్తుంది. మామ్మ మీద బెంగ పుడుతుంది. ఆ కుర్చీలో ఆవిడ ఎలా కూర్చుందో ఇప్పుడే నాకు నిజంగా తెలిసొస్తోంది.

నేను కాలేజీలో ఉండగా వాల్టర్ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. సామాన్లు సర్దడానికి సాయం వెళ్ళాను. గిన్నెలు కాగితాల్లో చుడుతూ వంటగదిలో ఉన్నప్పుడు, సింకు పైన ఉన్న కిటికీలోంచి చెట్టు చూసుకుంటూ ఆయన, "మీ మామ్మ దీన్ని కత్తిరించిన రోజు నేనిక్కడే నిలబడి ఉన్నాను" అన్నాడు. నేను గిన్నె కింద పెట్టేశాను. ట్రక్కు రిపేరుకి ఇచ్చాడట, ఇంట్లోనే ఉన్నాడట. మొదటి స్పర్ తెగినప్పుడే చూశాడట. "ఒక్క కేక వేస్తే ఆగేది. తలుపు దాకా వెళ్ళాను కూడా. చలికాలమంతా ఆవిడ బయటికి రావడం నేను చూడలేదు. ఆవేళ ఏదో పాడుకుంటోంది. చెట్టు మళ్ళీ పెరుగుతుంది కదా అనుకున్నాను. నేను వద్దంటే ఆవిడ మళ్ళీ బయటికి వస్తుందో రాదో నాకు తెలీదు" అన్నాడు. ఇంకో గిన్నె నాకందించి, "ఆ మాట మా అమ్మాయితో ఇప్పటికీ చెప్పలేకపోయాను. వాళ్ళమ్మ చెట్టు కదా" అన్నాడు.

ఇంటికి పరిగెత్తుకొచ్చి మామ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. "తెలుసే" అంది, చేతిలో కాయ వదలకుండా. "నిచ్చెన మీంచి కనబడ్డాడు, కిటికీలో. చూస్తూ ఊరుకున్నాడు కదా, నేను చేసేది సరైందే అనుకునే మొత్తం కొట్టేశాను."

"మరి వాళ్ళమ్మాయి అడిగినప్పుడు చెప్పలేదేం మామ్మా? అంతా నీ నెత్తిన వేసుకున్నావేం? టిక్కెట్టు కూడా కొనమన్నావు!"

"పిచ్చిదానా, ఆ పిల్లకి తల్లి ఎలాగూ లేదు. చెట్టు నరుకుతుంటే తండ్రి చూస్తూ నిలబడ్డాడని తెలిస్తే, ఆయన్ని ఏం చూస్తుంది ఇంక? ఆయన నోరు తెరిచాడు చెప్పేద్దామని. ఆ ఒక్కటీ చెప్పనివ్వకూడదనిపించింది. నాదేముంది, విమానం ఎక్కి పోయేదాన్ని" అంది. ఒలిచిన గింజలు గిన్నెలో పోసి, నా వైపు చూసింది. "ఇదుగో అమ్మడూ, నాకు తెలుసన్న సంగతి ఆయనతో అనకు. నా కోసం తనొక్కడే దాచాడనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ."

అనలేదు. ఇద్దరూ పోయారు కాబట్టే ఇవాళ రాయగలుగుతున్నాను.